300 యూనిట్ల పాఠం

నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు కాలిస్తే ఆ ఇల్లు పేదది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాలకు ఆరంచెల వడపోత పెట్టిన నాటి నుంచి గ్రామ, వార్డు సచివాలయాల మెట్లెక్కిన వారందరికీ ఈ లెక్క కంఠతా వచ్చు. కంప్యూటరుకు ఇది తేలిక పని. మీటరు నంబరు, దానికి ముడిపెట్టిన ఆధార్, రీడింగు ఉంటే చాలు. ఇప్పుడు శ్రీకాకుళం అరసవల్లిలో ఒకే మీటరు మీద మూడు వాటాలున్న ఓ పాత పెంకుటింటిని ఊహించుకోండి. మీటరు ఇంటి పెద్దావిడ పేరున ఉంటుంది. అద్దెకున్నవాళ్ల ఫ్యాన్లు, ఫ్రిజ్జులు, నీళ్ల మోటారు అన్నీ ఆవిడ లెక్కలోనే తిరుగుతాయి. సగటు 300 దాటిందంటే పెన్షను మీద అనర్హత ముద్ర పడుతుంది. అడిగితే కౌంటరు అవతలి నుంచి ‘సిస్టంలో అలా చూపిస్తోందమ్మా’ అనే జవాబే వస్తుంది. మీటరంటే కుటుంబమని ఆ సిస్టంలో రాసినవారు ఎవరో ఒకరుంటారు కదా. దురుద్దేశంతో రాసి ఉండరు. రెండు టేబుళ్లు కలపమన్నారు, కలిపారు. డేటాబేస్ (డీబీఎంఎస్) పరీక్షలో దానికి పూర్తి మార్కులు పడతాయి. నా అభ్యంతరం ఆ పూర్తి మార్కుల మీదే.

ఊహించిన ఇల్లే కదా అని తీసిపారేసేవారు తెలంగాణ వైపు చూడొచ్చు. అక్కడి సమగ్ర వేదిక వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి, ఇవన్నీ ఫలానా మనిషివేనని తేలుస్తుంది. రిక్షా తొక్కి బతికిన ఒకాయన్ని పేరు పోలికతో కారు యజమానిగా లెక్కగట్టి, ఆయన కుటుంబానికి రేషన్ లేకుండా చేసిన వైనం 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనంలో ఉంది. 2014-2019 మధ్య ఆ రాష్ట్రంలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. క్షేత్రస్థాయిలో సరిచూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, తిరిగి పరిశీలించిన సుమారు 2 లక్షల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది. అంటే వందకు ఏడున్నర తప్పు. ‘యాక్యురసీ 92 శాతం సార్’ అని వైవాలో మన విద్యార్థి గర్వంగా చెప్పుకునే సంఖ్య ఇది. మిగిలిన ఎనిమిది మంది ఎవరని అడిగే ఎగ్జామినరు అరుదు.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో నైతికత చెప్పడం లేదా అంటే, చెబుతున్నారు. యూనివర్సల్ హ్యూమన్ వేల్యూస్‌కు మూడు క్రెడిట్లున్నాయి. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది కాబట్టి ఆ సబ్జెక్టూ ఉంది. క్రెడిట్లు మాత్రం లేవు, గట్టెక్కితే చాలు. ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ ఏళ్ల తరబడి పట్టుబట్టిన 12 ప్రోగ్రాం అవుట్‌కమ్‌లలో ఏడోది పర్యావరణం, సుస్థిరత, ఎనిమిదోది నైతికత. తనిఖీ బృందం వస్తోందంటే అధ్యాపకులు రాత్రిళ్లు కూర్చుని నింపే, ఏ సబ్జెక్టు ఏ అవుట్‌కమ్‌కు తోడ్పడుతుందో చూపే సీఓ-పీఓ పట్టికను ఒకసారి చూడండి. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్ వరుసల్లో ఆ రెండు గళ్లలో సాధారణంగా చిన్న అడ్డగీత ఉంటుంది. ఈ సబ్జెక్టుకు ఆ విషయంతో సంబంధం లేదని దాని అర్థం. విలువల క్లాసులో సామరస్యం గురించి నాలుగు పేజీలు రాసిన విద్యార్థే మధ్యాహ్నం ల్యాబులో పెద్దావిడ పేరు ఎగరగొట్టే క్వెరీ రాస్తాడు. అతనికి అందులో వైరుధ్యమేమీ కనిపించదు, కనిపించేలా ఎవరూ చెప్పలేదు కనుక. మీటర్ల టేబులు, పెన్షన్ల టేబులు ఆ ల్యాబులోనే ఇచ్చి కలపమనాలి. రాలిపోయిన పేర్లలో పొరపాటున పోయినవి ఎలా కనిపెడతావు, ఆవిడ తిరిగి రావడానికి నీ డిజైన్లో దారేది అని అడగాలి. మార్కులు వాటికీ వేయాలి.

సుస్థిరత సంగతీ ఇంతే. విశాఖలో ఒక గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించింది. ఒక గిగావాట్ పూర్తి స్థాయిలో నడిస్తే నెలకు 72 కోట్ల యూనిట్లు. ఇందాకటి 300తో భాగిస్తే 24 లక్షల ఇళ్లు. కరెంటు స్విచ్చులో పుట్టదని శ్రీకాకుళం జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిత్తడి నేలలను కాపాడుకోవడానికి, 2010 జులై 14న సోంపేట బీల కోసం, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర కోసం థర్మల్ ప్లాంట్లను అడ్డుకుంటూ జనం పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పల్లెల పిల్లలు ఎచ్చెర్లలోనో టెక్కలిలోనో సీఎస్ఈ చదువుతూ, ఇండెక్స్ లేని టేబుల్లో ప్రతిసారీ కోటి వరుసలు తిరగేసే క్వెరీకి కరెంటు ఖర్చుందని వినకుండానే పట్టా పుచ్చుకుంటున్నారు. అల్గారిథమ్స్ క్లాసులో టైమెంత, మెమరీ ఎంత అని లెక్క కడతారు. ఆ పక్కన యూనిట్లెన్ని అన్నది చేరిస్తే పోయేదేముంది? పొదుపు నేర్పితే చాలదు కూడా. బొగ్గును సమర్థంగా వాడే కొద్దీ వాడకం పెరుగుతుందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే రాశాడు. అసలీ పనికి ఏఐ మోడల్ కావాలా, నాలుగు లైన్ల షరతు సరిపోదా అని కూడా అడగడం రావాలి.

కంపెనీలు ఇవేవీ అడగవు, ప్లేస్‌మెంట్లు దెబ్బతింటాయన్నది మొదటి అభ్యంతరం. కొత్త సబ్జెక్టు పెడితే నిజమే. ఉన్న ల్యాబులో ఉన్న ప్రశ్నను సాగదీస్తే కోడింగ్ సాధన తగ్గదు. రెండోది గట్టి అభ్యంతరం: కొత్తగా చేరిన కుర్రాడి మాట ఎవరు వింటారు? పైవాళ్లు చెప్పింది రాయడమే కదా. సత్యం కుంభకోణంలో దర్యాప్తు సంస్థలు లెక్క తేల్చిన 7,561 నకిలీ ఇన్వాయిసులు కంపెనీ సొంత ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్‌లోనే, మామూలు సిబ్బంది కంటపడకుండా ఉన్నాయి. అలా దాచే ఏర్పాటు కూడా ఎవరో ఒకరు రాసిందే కదా. ఫోక్స్‌వ్యాగన్ ఉద్గారాల మోసంలో పైవాళ్ల మాట విన్నానన్న ఇంజినీరు జేమ్స్ లియాంగ్‌కు అమెరికా కోర్టు 2017లో 40 నెలల జైలు విధించింది. చెప్పింది చేశానన్న మాట చట్టం దగ్గరే చెల్లలేదు. అయినా ఇరవై రెండేళ్ల వాడు అప్పు తీర్చుకుంటూ ఉద్యోగం వదిలేయాలని నేననను. సందేహాన్ని మెయిల్లో పెట్టడం, కోడ్ రివ్యూలో ఒక వాక్యం నమోదు చేయడం, తప్పుడు తిరస్కరణల లెక్క అడగడం నేర్పవచ్చు. ఇవీ వృత్తి నైపుణ్యాలే.

అధ్యాపకులకే ఈ విషయాలు రావన్నది మూడోది. వాళ్లు తత్వశాస్త్రం చదవాల్సిన పనిలేదు. మన సచివాలయాల్లోని డిజిటల్ అసిస్టెంట్లలో బీటెక్ చదివినవాళ్లున్నారు. ఏ గడిలో ఎవరి పేరు ఎందుకు చిక్కుకుంటుందో రోజూ చూసేది వాళ్లే. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల విశ్వవిద్యాలయం జేఎన్‌టీయూ-జీవీ తలచుకుంటే మేజర్ ప్రాజెక్టు సమీక్షలకు అలాంటివారిని ఒక్కొక్కరిని పిలవొచ్చు. ఆఖరి వైవాకు కాదు, అప్పటికి అంతా అయిపోతుంది. వాళ్ల ప్రశ్న విన్నాక డిజైను మార్చుకునే వ్యవధి ఉండేలా మొదటి సమీక్షకే పిలవాలి.