తుప్పు మీద రంగు వద్దు

సీట్లు మడిచి పడుకుంటూ మనం యాత్రలకు పోయే పాత మెటాడోర్ వ్యానుకు ఉగాదికి రంగు వేయిద్దామని కమిటీ అంటోంది. సంతోషమే. కానీ తుప్పు గీకకుండా రంగు కొడితే పుండు మీద పౌడరు పూసినట్టే. తిరువొత్తియూరు ఉప్పుగాలికి, ఐప్పసి వానలకు మళ్లీ పొక్కులు లేస్తాయి.

రైల్వేలో చేసినవాళ్లం చూశాం: పాత ఇనుప పెట్టెల్లో ముందు తుప్పు తినేది కక్కూసుల కింద, తలుపుల దగ్గర, నీళ్లు నిలిచే చోటే. వ్యానులోనూ అద్దం రబ్బరు కింద, అడుగు రేకులో చూడండి. తెల్లటి ఇనుము కనబడేదాకా గీకించి, చిల్లు పడిన చోట కొత్త రేకు వెల్డింగు చేయించి, ఆ రోజే రెడ్ ఆక్సైడ్ పూయించాలి. పట్టీ, రంగు ఆ తర్వాత. తలుపు మీద సంఘం పేరు కడపట. (తెలుగు అక్షరాలు రాసే పెయింటరు ఇక్కడ దొరికితే కదా!)

డబ్బు చాలకపోతే ఈ ఏడు రంగు ఆపి అడుగు రేకు మాత్రం చేయిద్దాం. తిరుత్తణికి పోయేటప్పుడు మన పెద్దవాళ్లు కాళ్లు ఆనించేది దాని మీదే.