ఆ సంచి మా గుమ్మం తొక్కడానికి వీల్లేదు

కిందటేడు దీపావళికి రెండు రోజుల ముందు మా మరిది స్కూటరు మీద ఒక సంచి తెచ్చి, వంటింటి గుమ్మం పక్కన ఉల్లిపాయల బుట్టకి ఆనించి పెట్టాడు. "పిల్లలకి వదినా. తెలిసినవాళ్ళు ఇంట్లోనే కడుతున్నారు, కొట్లో ధరకి సగమే" అన్నాడు. మూతి విప్పి చూస్తే అన్నీ ఉల్లిపాయ బాంబులు. "వెనక్కి పట్టుకుపో బాబూ" అనబోయి ఆగిపోయాను. ఏలూరు గుర్తొచ్చింది.

2024 అక్టోబరు 31, సరిగ్గా దీపావళి రోజు. ఏలూరు తూర్పు వీధిలో పట్టపగలు ఇద్దరు మనుషులు స్కూటరు మీద ఇలాంటి మూటే తీసుకెళ్తున్నారు. బండి గుంతలో పడింది, మూట నేలకి తగిలింది. ఇద్దరిలో ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆరుగురికి దెబ్బలు తగిలాయి. సీసీ కెమెరా దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. అగ్గిపుల్ల ఎవరూ గీయలేదు. ఒత్తి ఎవరూ వెలిగించలేదు.

ఆ తర్వాత నేను ఎక్కువగా విన్న మాట "పాపం, ఆ గుంత లేకపోతేనా" అని. నాకు ఒళ్ళు మండేది అక్కడే. మన రోడ్లకి గుంతలు కొత్తా? అదే గుంతలో కూరగాయల సంచి పడితే ఏమవుతుంది? నాలుగు వంకాయలు దొర్లుతాయి, ఏరుకుంటాం. మనిషిని చంపింది గుంత కాదు, సంచిలో ఉన్నది. గుంత మీదకి తోసేస్తే ఆ సంచి కట్టినవాళ్ళూ, అమ్మినవాళ్ళూ, కొన్న మనమూ హాయిగా చేతులు దులుపుకోవచ్చు.

ఇంతకీ అందులో ఉండేదేమిటి? మన తాతల నాటి టపాకాయల మందు సూరేకారం, బొగ్గు, గంధకం. దానికి నిప్పు తగలాలి, అందుకే ఒత్తి పెడతారు. ఉల్లిపాయ బాంబుకి ఒత్తే ఉండదు. అందులో మామూలుగా వాడేది పొటాషియం క్లోరేటు, మణిశిల. మణిశిల అంటే ఆర్సెనిక్ సల్ఫైడు. వాటికి చిన్న చిన్న గులకరాళ్ళు చేర్చి కాగితంలో బిగించి చుడతారు. నేలకేసి కొడితే రాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఆ రాపిడికే మందు పేలుతుంది. అంటే పేలడానికి దానికి కావలసింది దెబ్బే. ఆ దెబ్బ పిల్లాడి చేతి నుంచి వచ్చిందా, గుంత నుంచి వచ్చిందా, అటక మీంచి జారితే వచ్చిందా అని అది చూడదు. సంచిలో ఒకటి పేలితే మిగతావన్నీ అందుకుంటాయి.

తెలుగులో "మందు" అనే మాటకి ఎన్ని అర్థాలో! ఒంటికి వేసుకునేదీ మందే, చేలో కొట్టేదీ మందే, టపాకాయలో కూరేదీ మందే. జ్వరం బిళ్ళ కొంటే తేదీ చూస్తాం. పురుగుమందు డబ్బా పిల్లలకి అందకుండా దొడ్లో దాస్తాం. మరి ఈ మూడో మందు సంగతి? పేరుండదు, తేదీ ఉండదు, ఎవరు చేశారో ఉండదు. దాన్ని మాత్రం తెచ్చి పొయ్యి పైన అటక ఎక్కిస్తాం, మెత్తబడిందని మేడ మీద ఎండబెడతాం. అందులో ఉన్నది ఆర్సెనిక్ అని తెలియక, అవి పట్టుకున్న చేత్తోనే పిల్లలు అరిసె తింటుంటే చూస్తూ కూర్చుంటాం.

చట్టం లేదా అంటే ఉంది. పొటాషియం క్లోరేటుని గంధకంతో గానీ గంధకం కలిసిన పదార్థంతో గానీ కలిపిన మందుని తయారు చెయ్యడమే కాదు, దగ్గర ఉంచుకోవడాన్ని కూడా కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అంటే మా గుమ్మం పక్కన సంచి ఉన్నంతసేపూ తప్పు చేస్తున్నది మేమే.

"నీకు దీపావళి అంటేనే గిట్టదు" అంటారు మా ఆయన. ఎందుకు గిట్టదండీ? సాయంత్రం పిల్లల చేత గోగు కర్రకి దివిటీ కొట్టించేది నేనే. చిచ్చుబుడ్డి వెలిగితే అందరికంటే ముందు గుమ్మంలో నిలబడేదీ నేనే. నూలు బట్టలు కట్టుకోండి, బకెట్టుతో నీళ్ళు పెట్టుకోండి అని ఏటా చెబుతాం. మంచిదే, కాకరపువ్వొత్తికి అవి కావాలి. కానీ ఆ జాగ్రత్తలన్నీ వెలిగించేటప్పటివి. ఉల్లిపాయ బాంబు మనం వెలిగించేదాకా ఆగదే! దానికి ఒక్కటే జాగ్రత్త, కొనకపోవడం.

"మరీ అంత చవగ్గా వస్తుంటే" అనేవాళ్ళకి ఒక మాట. ఏలూరులో అది జరగడానికి ముందు రోజు, అక్టోబరు 30న, ఉండ్రాజవరం మండలం సూర్యారావుపాలెంలో బాణసంచా కట్టేచోట పిడుగు పడి ఇద్దరు చనిపోయారు. ఇద్దరూ ఆడవాళ్ళే, కూలికి వచ్చినవాళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు, 2022 నవంబరులో, మన తాడేపల్లిగూడెం పక్కన కడియద్దలో కూలీలు ఇలాగే కాలిపోయారు. మనకి మిగిలిన సగం ధర ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి. గట్టి షెడ్డు కట్టకుండా, మందుకీ మనిషికీ మధ్య ఎడం ఉంచకుండా, లైసెన్సు ఊసెత్తకుండా మిగిల్చిన డబ్బే అది. పండగ ఖర్చుకి సంచీ పట్టుకుని బజారుకెళ్ళేది మనమే కాబట్టి, ఆ బేరం వద్దనవలసిందీ మనమే.

ఇంతకీ మా ఇంట్లో సంచి ఏమైందంటారా? దాన్ని కదపనివ్వలేదు. పిల్లల్ని పక్కింటికి పంపి, పొయ్యి ఆర్పి, అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేయించాను. వాళ్ళు వచ్చి తడిపి పట్టుకెళ్ళారు. వీధి వీధంతా మా వాకిట్లో నిలబడి చూసింది. మరిదికి తల కొట్టేసినట్టయింది. పండగ భోజనానికి రాలేదు. వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, నాతో సంక్రాంతి దాకా ముక్తసరిగానే మాట్లాడారు. నాకూ బాధగానే ఉండేది.

ఈ ఏడు ముందే ఫోను చేసి చెప్పాను. "ఒట్టి చేతులతో రా బాబూ. గారెలు వేడివేడిగా వేసి పెడతాను. ఆ సంచి మాత్రం గుమ్మం తొక్కడానికి వీల్లేదు." అవతల కాసేపు మాట లేదు. తర్వాత "సరే వదినా" అన్నాడు.

మీ ఇంటికీ ఒక మరిదో, తమ్ముడో ఉంటాడుగా. ఈ రోజే ఫోను చెయ్యండి.