చెవికందని తెలుగు అక్షరము

చూపులేనివానిని ఱెప్పలార్పి చూపుమనుట న్యాయమా? బ్యాంకులో ఖాతా తెఱచుటకును, సెల్‌ఫోను సిమ్ము పొందుటకును యంత్రము నెదుట ముఖముంచి, ఱెప్పలార్చి, సజీవుడనని నిరూపించుకొనవలసిన పద్ధతి మన దేశమున నమలునకు వచ్చినది. ఒక అంధుడును, యాసిడ్ దాడివలన ముఖమును కన్నులును చెడినవారును సుప్రీముకోర్టు నాశ్రయింపగా, 2025 ఏప్రిలు 30వ తేదీని న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. అంతర్జాల సేవలను బొందుట రాజ్యాంగము 21వ అధికరణమునందలి జీవించు హక్కులోనిదే యని తేల్చి, 20 ఆదేశముల నొసగిరి. మిక్కిలి హర్షింపదగిన తీర్పు.

అయినను మనకు శాసనముల కొదువ యెన్నడు గలదు? ముద్రణ, ధ్వని, ఎలక్ట్రానిక్ మాధ్యమములలోని విషయములన్నియు వికలాంగుల కందుబాటున నుండునట్లు చూడవలెనని 2016 నాటి చట్టము 42వ సెక్షనే ప్రభుత్వమును శాసించినది. 2017లో చేసిన నిబంధన వట్టి సలహాయై మిగులుటచే, 2024 నవంబరు 8వ తేదీని సుప్రీముకోర్టు దానిని త్రోసివైచి, తప్పక పాటింపవలసిన నియమములను మూడు నెలలలో చేయుమని యాజ్ఞాపింపవలసి వచ్చెను. చట్టము పుట్టిన యెనిమిదేండ్లకు! 2011 జనాభా లెక్కలలో దృష్టిలోపము గలవారు 50 లక్షలకు పైబడియుండిరి.

ఢిల్లీ మాట యట్లుండనిండు. తెలుగువారి యింటి లోపమొకటి కలదు. తెరమీది వ్రాతను చదివి వినిపించు సాధనములు నేడు పెక్కులు గలవు. ఆస్ట్రేలియాలో నిరువురు అంధయువకులు 2006లో నారంభించిన ఎన్‌వీడీఏ యనునది ఉచితముగనే లభించును. తెలుగును గూడ చదువును. కాని చదువుటకు దానియెదుట అక్షరముండవలెను గదా! మన కార్యాలయములలో ఉత్తర్వును టైపుచేసి, అచ్చుతీసి, సంతకమును ముద్రయు వేసి, మరల స్కానుచేసి అంతర్జాలమున నుంచు నలవాటు కలదు. కంటి కది ఉత్తర్వు, యంత్రమునకు బొమ్మ. బొమ్మనుండి అక్షరములను పోల్చు సాధనములు లేకపోలేదు గాని, యవి మన వత్తులయొద్దను గుణింతములయొద్దను తడబడుచుండును. పింఛను ఉత్తర్వులో నొక్క యంకె తాఱుమాఱైనచో నష్టపడువాడెవడు?

ముద్రణాలయముల సంగతి మఱింత చిత్రము. ఇంగ్లీషు అక్షర సంకేతములకు తెలుగు రూపములను తొడిగిన పాతకాలపు ఫాంట్లతో నేటికిని గ్రంథములు కూర్చబడుచున్నవి. వానిని అట్లే అంతర్జాలమున బెట్టినచో కన్ను తెలుగును చూచును. చెవికి మాత్రము పొంతనలేని ఇంగ్లీషు అక్షరములును గుర్తులును వినబడును. 1991లోనే యూనికోడు మొదటి కూర్పునందు తెలుగునకు స్థానము లభించియున్నది. ముప్పదియేండ్లు దాటినను మాతృభాష నింగ్లీషు ముసుగులో దాచియుంచుట భాషాభిమానులమని చెప్పుకొనువారికి శోభింపదు. పాతవానిని యూనికోడులోనికి మార్చు సాధనములును గలవు.

పొరుగువానిచే ఉత్తర్వును చదివించుకొనుచు, పరులకు తన ఓటీపీని చెప్పుకొనుచు బ్రతుకువాడు స్వతంత్ర పౌరుడెట్లగును? సంతకముగల ప్రతితోబాటు యూనికోడు ప్రతినిగూడ నుంచిననే గాని యే యుత్తర్వును ప్రకటితమైనట్లెంచరాదని రెండు తెలుగు ప్రభుత్వములును నిబంధన చేయవలెనని మేము కోరుచున్నాము. ఖజానాపై బడు భారము స్వల్పము. టైపుచేసిన మూలము గుమాస్తా కంప్యూటరులోనే యున్నది.