శుక్రవారం తిరిగిరాని అడ్వాన్సు

తమిళనాడులో హోసూరు నుంచి కృష్ణగిరి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది సూళగిరి. చుట్టుపక్కల సిప్‌కాట్ పారిశ్రామికవాడల ఫ్యాక్టరీలు లేచాక పెరట్లో నాలుగు గదులు కట్టి బాడుగకిచ్చేవాళ్లు పెరిగారు. ఓనర్ల తలనొప్పులు ఎక్కడైనా ఒకటే. మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి, పెయింటు ఖర్చు అడ్వాన్సులో పట్టుకోవచ్చా, సబ్‌మీటరుకు యూనిట్ ఎంత? ఇవన్నీ బేరమాడి తేల్చుకోవచ్చు. బేరానికి లొంగనివి వేరే ఉన్నాయి: ఏ నెలలో చేరాలి, ఏ వారం డబ్బివ్వాలి, ఇంట్లో ఎవరు చావొచ్చు.

కొత్త ఇంట్లో చేరకూడదనే నెలల సంగతే చూడండి. 2025లో తెలుగువాళ్ల ఆషాఢం జూన్ 26న మొదలై జులై 24తో ముగిసింది. తమిళుల ఆడి జులై 17న వచ్చి ఆగస్టు 16 దాకా ఉంది. జులై 10న సూళగిరిలో ఒక గదిలోకి తెలుగువాడు చేరితే కీడు, తమిళుడు చేరితే ఏమీ కాదు. ఆగస్టు 1న అదే గదిలో తమిళుడికి కీడు, తెలుగువాడికి మాత్రం శ్రావణ శుక్రవారం! గోడలో దోషమే ఉంటే అది చేరేవాడి మాతృభాష కనుక్కుని పట్టుకుంటుందా? చేరేవాడు మాత్రం ఆషాఢం రాకముందే పాలు పొంగించి, తాళం వేసుకుని, నెల పాటు రెండిళ్లకూ బాడుగ కడతాడు.

ఇక శుక్రవారం. ఆ రోజు లక్ష్మి గడప దాటకూడదని అడ్వాన్సు వాపసు ఇవ్వరు. మంగళవారమూ అంతే. బాడుగ మాత్రం శుక్రవారం తెచ్చినా కళ్లకద్దుకుని తీసుకుంటారు. ఆ లక్ష్మి కూడా ఎవరిదో గడప దాటే వచ్చిందన్న ఆలోచనే రాదు. తమిళనాడు 2017లో చేసి, 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి తెచ్చిన బాడుగ చట్టం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే అడ్వాన్సు మూడు నెలల బాడుగకు మించకూడదంటుంది. బెంగళూరు గాలి సోకి పది నెలలు అడిగేవాళ్లూ ఉన్నారు. అంత సొమ్ము ఇంకో వారం దగ్గరుంటే లాభం ఎవరికో పంచాంగం చూడకుండానే చెప్పొచ్చు.

ఇవన్నీ చిన్నవి. పెద్దది చావు.

"చూడప్పా, మీ నాయనకు బాగలేదంటివి. ఏమన్నా అయితే ఆస్పత్రి నుంచే నేరుగా ఊరికి తీసకపోవాల. ఇక్కడికి తేవద్దు." తాళంచెవి చేతిలో పెడుతూ చెప్పే మాట ఇది. "సరేన్నా" అంటాడు కొడుకు. ఇంకేమంటాడు? బాడుగ ఇంట్లోకి శవాన్ని రానివ్వకపోవడం హైదరాబాదులోనూ ఉంది, కోస్తాలోనూ ఉంది. గేటు మూసేసి ఉంటే వీధిలో షామియానా వేసి, అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో మనిషిని పడుకోబెట్టి, పక్కింటి అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని ఏడుస్తారు. పదేళ్లు బాడుగ కట్టిన ఇంటికి ఆయన చివరిరోజున పరాయివాడైపోతాడు.

దీనికి శాస్త్రం కూడా చూపిస్తారు. ధనిష్ఠ రెండో సగం నుంచి రేవతి దాకా, ధనిష్ఠా పంచకంలో ఎవరైనా పోతే ఇల్లు కొన్ని నెలలు మూసేయాలట. చంద్రుడు ఇరవై ఏడు నక్షత్రాలు తిరిగే దారిలో ఇవి నాలుగున్నర. అంటే రమారమి ప్రతి ఆరు చావుల్లో ఒకటి ఈ లెక్కలోకి వస్తుంది. ఆ శాస్త్రమే నిజమైతే హోసూరులోనూ కృష్ణగిరిలోనూ ప్రభుత్వాసుపత్రి వార్డులకు ఏడాది పొడుగునా తాళాలుండాలి. సాయంత్రానికల్లా అదే మంచం మీద దుప్పటి మారుస్తారు, ఇంకో రోగి పడుకుంటాడు, నయమై ఇంటికి వెళతాడు. అంతెందుకు, ఓనరు తల్లి సొంత హాల్లోనే కన్నుమూస్తే శాంతి చేయించుకుని అక్కడే భోంచేస్తారు. శాంతితో పోయే దోషమే అయితే బాడుగదారుడిదీ పోవాలి. పోనిదైతే ఓనరు కూడా ఇల్లు వదలాలి.

ఓనరు భయం మొత్తం దొంగభయం అనను. "ఆ ఇంట్లో పోయారంట" అన్న మాట పాకితే కొత్తవాళ్లు రారు, వచ్చినా బాడుగ తగ్గించమంటారు. జపాన్‌లోనూ ఈ జాడ్యం ఉంది. ఒంటరి ముసలివాళ్లు గదిలో పోతారేమోనని వాళ్లకు ఇళ్లివ్వరు. అక్కడి ప్రభుత్వం 2021లో మార్గదర్శకాలు తెచ్చింది: సహజ మరణాన్ని కొత్తగా చేరేవాడికి చెప్పనక్కరలేదు, ఆత్మహత్యలాంటివి జరిగినా బాడుగ ఇళ్ల విషయంలో సుమారు మూడేళ్లు దాటితే చెప్పక్కరలేదు. నమ్మకాన్ని పోగొట్టలేదు గానీ దానికి గడువైతే పెట్టారు. మన దగ్గర ఆ గడువూ లేదు. నష్టం వస్తుందని భయపడితే దాన్ని నష్టమనే చెప్పి బేరమాడొచ్చు. దోషం అనేసరికి అవతలివాడు నోరెత్తలేడు.

2017 చట్టం ప్రకారం ఒప్పందం రాతలో ఉండాలి, ఖాళీ చేయించాలంటే చట్టంలో రాసిన కారణం చూపాలి. ఆ కారణాల్లో మైల లేదు, నక్షత్రం లేదు. అందుకే కాబోలు, మేకు కొట్టకూడదన్న షరతు కూడా స్టాంపు పేపరు మీదికి ఎక్కుతుంది గానీ, శవాన్ని తేవద్దన్నది మాత్రం నోటిమాటగానే ఉంటుంది. రాసి సంతకం పెట్టమనండి, ఏ ఓనరు పెడతాడో చూద్దాం.