చెల్లని పైసలు, చెల్లే పుకార్లు

భిలాయిలో మా సెక్టారు మార్కెట్‌లో ఒక కిరాణా కొట్టు ఉంది. పది రూపాయల నాణెం ఇస్తే ఆ కొట్టాయన తిప్పి చూసి గీతలు లెక్కపెట్టేవాడు. పది గీతలుంటే అసలుదట, పదిహేను ఉంటే దొంగదట. ఎవరు చెప్పారని అడిగాను. "అందరూ అంటున్నారు కదా" అన్నాడు. దెయ్యాల గురించి అడిగినా మనకి దొరికే సమాధానం ఇదే.

ఆధారాలు చూద్దాం. రూపాయి గుర్తుని ప్రభుత్వం 2010లో ఆమోదించింది. 2011 నుంచి అది నాణేల మీదకి వచ్చింది. అంతకు ముందు తయారైన నాణెం మీద ఆ గుర్తు ఎలా ఉంటుంది? డిజైన్ మారినప్పుడు గీతల సంఖ్య కూడా మారింది. అప్పటికి పది రూపాయల నాణేలు 14 డిజైన్లలో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ 2018 జనవరి 17న రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది. ఆ ప్రకటన తర్వాత కూడా మా కొట్టాయన లెక్కపెట్టడం మానలేదు.

నాణేలు నిజంగా రద్దు కావడం కూడా మనం చూశాం. పావలా, అంతకంటే చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30 నుంచి చెల్లవు. దానికి 2010 డిసెంబరులోనే గెజిట్ ప్రకటన వచ్చింది. మార్చుకోవడానికి జనానికి ఆరు నెలలు గడువు దొరికింది. నాణెం రద్దయ్యేది ఇలాగ. ఏ రాత్రికి ఆ రాత్రి వాట్సాప్‌లో రద్దవదు.

అర్ధరూపాయి సంగతి ఇంకా విచిత్రం. దాన్ని ప్రభుత్వం ఈ రోజు వరకు రద్దు చెయ్యలేదు. నాణేల చట్టం-2011 ప్రకారం అర్ధరూపాయి బిళ్ళలతో పది రూపాయల వరకు, రూపాయి, ఆ పై నాణేలతో వెయ్యి రూపాయల వరకు చెల్లించవచ్చు. కానీ మా ఊళ్ళో 'చవన్నీ'తో పాటే 'అఠన్నీ' కూడా పోయిందనుకున్నారు. చట్టం చంపని నాణేన్ని జనం చంపేశారు.

దీనికి ఎదురు పుకారు కూడా ఉంది. నాణెం తీసుకోకపోతే రాజద్రోహం కేసు పెడతారని కొందరు బెదిరిస్తారు. ఆ చట్టంలో నాణేలు కరిగించినా, నాశనం చేసినా శిక్ష ఉంది కానీ నాణెం వద్దన్న కొట్టువాడికి శిక్ష వేసే సెక్షన్ లేదు. మనకి అనుకూలమైన అబద్ధం కూడా అబద్ధమే.

మా నాన్న 1958లో శ్రీకాకుళం జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు పనికి వచ్చారు. అప్పటికి నయాపైసలొచ్చి ఏడాది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలయ్యాయి. అణా అంటే ఆరుంపావు పైసలు. పావు పైసా బిళ్ళ లేదు కాబట్టి అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని ప్రభుత్వం పట్టిక ఇచ్చింది. చదువు రాని కూలీలు కూడా ఆ లెక్క నేర్చుకున్నారని నాన్న చెప్పేవారు. లెక్క అర్థమయ్యేలా చెపితే జనం నేర్చుకుంటారు. జనం మూర్ఖులని తిట్టే హేతువాదులు ఇది గమనించాలి.

అసలు కొట్టాయన మూర్ఖుడు కాదు. టోకు వ్యాపారి తీసుకోడు కాబట్టి ఈయన తీసుకోడు. ఈయన తీసుకోడు కాబట్టి మనం తీసుకోం. పుకారు అబద్ధమే, కానీ అందరూ నమ్మితే నష్టం మాత్రం నిజం. ఆ నష్టం చివరికి ఎవరి మీద పడుతుంది?

ఒక రోజు కూరగాయలమ్మే ముసలామె నాకు చిల్లరగా పది రూపాయల నాణెం ఇచ్చింది. నేను "నోటుంటే ఇవ్వమ్మా" అన్నాను. రిజర్వ్ బ్యాంక్ ప్రకటన చదివినవాణ్ణి, పది మందికి చెప్పినవాణ్ణి. ఆమె అడిగింది: "చదువుకున్న నువ్వే వద్దంటే నేనెవరికి ఇచ్చుకోను బాబూ?" నా దగ్గర సమాధానం లేదు. ఆమె గుడ్డ సంచిలో అలాంటివి చాలా ఉన్నాయి. గుడి హుండీలో వేస్తే దేవుడు 14 డిజైన్లూ పుచ్చుకుంటాడు. కానీ ఆమెకి కావలసింది పుణ్యం కాదు, రేపటి సరుకు.

ఆ రోజు ఆమె దగ్గర ఉన్నవాటిలో ఇరవై నాణేలు తీసుకుని రెండు వందల రూపాయల నోటు ఇచ్చాను. బ్యాంకులో వేశాను, తీసుకున్నారు. అప్పటి నుంచి ఎవరిచ్చినా కాదనడం లేదు. పుకారుని ఖండిస్తూ వ్యాసం రాయడం తేలిక. మన వంతు వచ్చినప్పుడు చెయ్యి చాచి ఆ నాణెం పుచ్చుకోవాలి. అది చెయ్యకపోతే మనం కూడా గీతలు లెక్కపెట్టే వాళ్ళమే.