పెట్రోలు మిశ్రమము: కొనువాని హక్కు

పాలలో నీరు కలిపి యమ్మినవానిని మనము దొంగ యందుము. వాడు కలిపినది విషము కాదు, మంచినీరే కావచ్చును. అయినను కొనువానికి చెప్పక కలిపెను, పాల వెలకే యమ్మెను. దోషమంతయు నచ్చటనే యున్నది. నేడు మన పెట్రోలు బంకులలో జరుగుచున్నదానిని మేము దొంగతనమనము. అది ప్రభుత్వ విధానము ననుసరించియే జరుగుచున్నది. కాని లీటరునకు వెల చెల్లించు పౌరునకు అందులో నైదవవంతు ఎథనాలు కలదని స్పష్టముగా చెప్పు ఏర్పాటు లేకపోవుటయు, వలదన్నవానికి వేఱొక పెట్రోలు అందుబాటులో లేకపోవుటయు న్యాయమేనా యని ప్రశ్నించుచున్నాము.

ఈ మిశ్రమము వచ్చిన విధము పాఠకులకు కొంత తెలిసినదే. 2018 నాటి జాతీయ జీవేంధన విధానములో 2030 నాటికి పెట్రోలులో నూటికి 20 వంతులు ఎథనాలు కలుపవలెనని సంకల్పించిరి. 2021 లో ఆ గడువును 2025-26 నకు లాగిరి. 2022 జూనులో నూటికి 10 వంతులు సాధించితిమనిరి. 2023 ఫిబ్రవరి 6వ తేదీన బెంగుళూరులో ఈ-20 పెట్రోలును ప్రధానమంత్రి ప్రారంభించిరి. 2025 నాటికి దేశమంతట సామాన్యముగా దొరకు పెట్రోలు అదియే యయ్యెను. గడువును ముందునకు జరుపుట కలముతో నగు పని. ఇంటిముందర నిలిచియున్న బండి అట్లు జరుగదు. ఈ-20 నకు తట్టుకొను భాగములతో వాహనములు వచ్చుట 2023 ఏప్రిలు మొదలు. అంతకు ముందు కొన్న కోట్లకొలది స్కూటర్లును, మోటారు సైకిళ్లును, కార్లును రోడ్లపై తిరుగుచునే యున్నవి. వాని యజమానులను ఎవ్వరు నొక్క మాట యడుగలేదు.

మమ్ము నపార్థము చేసికొనవలదు. మనము వాడు ముడిచమురులో నూటికి 85 వంతులకు మించి పరదేశములనుండి వచ్చుచుండగా, స్వదేశమున పండిన చెఱకునుండియు ధాన్యమునుండియు కొంత యింధనము తీయుట తప్పని మేమెన్నడు ననము. 2014-15 మొదలు 2025 జూలై వరకు ఈ మిశ్రమమువలన 1,44,000 కోట్ల రూపాయలకు పైగా విదేశ మారకము మిగిలెనని ప్రభుత్వమువారు చెప్పుచున్నారు. ఈ యాలోచన క్రొత్తదియు కాదు. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడే, 1948 లో, పెట్రోలులో ఆల్కహాలు కలుపుటకై పవర్ ఆల్కహాలు చట్టము చేసికొంటిమి. మా వివాదము స్వదేశి వస్తువుతో కాదు. స్వదేశి పేరు చెప్పి కొనువాని నోరు మూయించుటతోనే.

ఖద్దరు చరిత్రను తలచికొందము. ఉద్యమదినములలో మిల్లు బట్టకు ఖద్దరను పేరు పెట్టి యమ్మిన వర్తకులు లేకపోలేదు. అఖిల భారత చరఖా సంఘమువారు నిజమైన ఖద్దరు దుకాణములకు ధ్రువపత్రము లిచ్చుచుండిరి. ఆ పేరును కాపాడుటకు 1934 లో నొక శాసనమే పుట్టెను: చేత వడకిన నూలుతో చేత నేసినదే ఖద్దరు. పొందూరు బట్ట కొన్నవాడు తాను కొన్నదేమో యెఱిగి కొనెను. ఎక్కువ వెల యిష్టపడి యిచ్చెను. స్వదేశి యనగా నిట్టిది. ఎఱుకయు నిష్టమును లేనిచోట మిగులునది త్యాగము కాదు, పన్ను.

ఆ పన్ను ఎంతయో లెక్క వేయుట కష్టము కాదు. లీటరు ఎథనాలులోని ఉష్ణశక్తి లీటరు పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ. అట్టిదానిని ఐదవవంతు కలిపినచో మిశ్రమమునకు నూటికి ఆరేడు వంతుల శక్తి తగ్గును. నీతి ఆయోగు 2021 లో ప్రకటించిన పత్రమును ఇదే చెప్పినది: పాత పద్ధతి కార్లకు మైలేజి నూటికి 6, 7 వంతులు, ద్విచక్రవాహనములకు 3, 4 వంతులు తగ్గునని, పాత బండ్ల రక్షణకై ఈ-10 ను ఉంచవలెనని, మిశ్రమమును అగ్గువగా నమ్మి నష్టమును పూడ్చవలెనని. 2025 ఆగస్టులో పెట్రోలియము శాఖవారు వెల తగ్గింప వీలుకాదనిరి. ఎథనాలు కొనుగోలు ధర లీటరునకు 71 రూపాయల 32 పైసలకు చేరి, పెట్రోలు తయారీ ఖర్చును మించెనట! సరియే. అయినచో ఆ నష్టమును పాత స్కూటరుపై ఆఫీసునకు పోవు గుమాస్తా మోయవలెనని యే న్యాయము చెప్పుచున్నది?

మైలేజి మాట యటుండనిండు. చిన్న యంత్రముల గతి యింతకంటె చెడ్డది. దానిని గూర్చి ఢిల్లీలో మాటాడువారే తక్కువ. మన జిల్లాలలో ప్రత్తి, మిరప రైతులు వీపున మోసి మందు కొట్టు పవర్ స్ప్రేయరు, కలుపు కోయు యంత్రము, దుకాణములలోని చిన్న జనరేటరు, ఇవి దినదినము నడచునవి కావు. కారులో పోసిన పెట్రోలు వారములో ఖర్చగును. స్ప్రేయరులో మిగిలినది పంటకాలము ముగిసిన పిదప నెలల తరబడి కొట్టములో పడియుండును. ఎథనాలు గాలిలోని తేమను పీల్చు గుణము గలది. నీరు ఒక మితిని దాటగానే ఎథనాలును నీరును గూడి అడుగునకు దిగును. పైన మిగిలిన పెట్రోలునకు ఆక్టేను తగ్గును. రెండు స్ట్రోకుల యంత్రములలో నూనెను పెట్రోలులోనే కలుపుదుము గదా! అడుగునకు దిగిన పొరలో ఆ నూనె యుండదు. ఆ పొర కార్బురేటరులోనికి పోయినచో నూనె లేక సిలిండరు గీతలు పడును. పాత రబ్బరు గొట్టములు ఉబ్బును, పగులును. లోహభాగములు త్రుప్పు పట్టును. మరమ్మతు ఖర్చు వచ్చునాటికి రైతు మెకానిక్కును తిట్టును, మెకానిక్కు యంత్రము చేసినవానిని తిట్టును. పెట్రోలును తలచువాడుండడు.

పోనిండు, ఎథనాలు లేని పెట్రోలే వెదకి కొందమన్నచో దొరకునా? ఇండియను ఆయిలువారు 2020 లో తెచ్చిన నూరు ఆక్టేనుల పెట్రోలు అట్టిది. అది పెద్ద నగరములలో ఎంపికచేసిన బంకులలోనే దొరకును. వెల లీటరునకు 150 రూపాయలకు మించినది. వేగపు కార్లకై చేసిన ఆ పెట్రోలును స్ప్రేయరు కొఱకు కొనుమనుట గంజి యడిగినవానికి బిరియానీ హోటలు చూపుటయే. తాను కొన్నదానిలో నేమున్నదో యెఱుగగోరు పాఠకులు, నిప్పునకు దూరముగా, గీతలున్న గాజు గొట్టములో 90 మిల్లీలీటర్ల పెట్రోలును 10 మిల్లీలీటర్ల నీటిని పోసి కుదిపి నిలుపుడు. అడుగు పొర పది గీతలనుండి ఇరువదియెనిమిది ప్రాంతమునకు పెరిగినచో, పెరిగినదంతయు ఎథనాలే. ఇట్లు కడిగిన పెట్రోలును మరల బండిలో పోయరాదు. దాని ఆక్టేను పడిపోయియుండును.

ఇతరదేశములలో నిట్లు లేదు. ఇంగ్లండులో 2021 సెప్టెంబరున ఈ-10 తెచ్చునపుడు పాత బండ్లకై ఈ-5 ను నిలిపి యుంచిరి. అమెరికాలో ఈ-15 పంపుపై నారింజరంగు చీటి యంటించి, పాత కార్లలోను, మోటారు సైకిళ్లలోను, పడవలలోను, గడ్డి కోయు యంత్రములలోను పోయరాదని వ్రాయుదురు. అట్టి యంత్రములకై ఎథనాలు లేని పెట్రోలు నమ్ము బంకు లనేకము లున్నవి. బ్రెజిలును మనకు తరచు నుదాహరించుచుందురు. అచ్చటి పెట్రోలులో 2025 ఆగస్టు మొదలు నూటికి 30 వంతులు కలుపుట నిజమే. కాని వారు 1975 లో మొదలిడిరి. ఏ పాలునైనను తట్టుకొను బండ్లు చేసికొనిరి. పంపునొద్ద ఎథనాలును వేఱుగా, వేఱు వెలకు, అమ్ముచున్నారు. అర్ధశతాబ్దపు పనిని నాలుగేండ్లలో ముగించి బ్రెజిలుతో సమానులమనుట తగదు.

ఈ మొఱ న్యాయస్థానమునకు పోకపోలేదు. ఎథనాలు లేని పెట్రోలును గూడ నుంచవలెనని, పంపులపై స్పష్టముగా వ్రాయవలెనని కోరిన వ్యాజ్యమును సుప్రీముకోర్టువారు 2025 సెప్టెంబరు 1వ తేదీన కొట్టివేసిరి. ప్రభుత్వ పక్షమున చెఱకు రైతుల మేలు వినిపించిరి. మన యింధనమును వెలుపలివారు నిర్ణయింతురా యనియు నడిగిరి. విధానమును మార్చుట న్యాయమూర్తుల పని కాదనినచో ఒప్పుకొందుము. వెలుపలివారను మాటను మాత్రము అంగీకరింపము. స్ప్రేయరు మోయు పాలమూరు రైతు వెలుపలివాడా? రైతు మేలందురా, నారాయణపేట జిల్లా చిత్తనూరులోను, నిర్మల్ జిల్లా దిలావర్‌పూరులోను ఎథనాలు కర్మాగారములు వలదని రోడ్డెక్కినవారును రైతులే.

మా కోరిక లల్పములు. ప్రతి పంపుపై మిశ్రమపు పాలు తెలుగులో, చదువను వీలగు నక్షరములతో వ్రాయవలెను. రసీదుపై నదియే యుండవలెను. మండలమున కొక్క బంకులోనైనను సామాన్యమైన ఆక్టేనుతో, ఎథనాలు లేని పెట్రోలును, అంత వీలుకానిచో ఈ-10 ను, న్యాయమైన వెలకు నుంచవలెను. ఈ-20 వెలను తగ్గిన మైలేజి మేరకు తగ్గింపవలెను. మన పార్లమెంటు సభ్యులలో నొక్కరైనను రానున్న సమావేశములో ఈ మూడింటిని ప్రశ్నరూపమున సభముందుంచి, మంత్రిగారినుండి సూటియైన జవాబు రాబట్టుదురా?