ఒళ్ళు నొప్పికి గంజాయి: నమ్మకం ఎంత, రుజువు ఎంత?

జగదల్‌పూర్ నుంచి కోరాపుట్ వైపు సుమారు 16 కిలోమీటర్లు వెళితే నగర్‌నార్ వస్తుంది. 2023 అక్టోబరులో జాతికి అంకితమైన ఎన్‌ఎండీసీ ఉక్కు కర్మాగారంతో ఈ ఊరి పేరు దేశానికి పరిచయమైంది. బస్తర్ వార్తలు చదివేవారికి మాత్రం ఇంకో కారణంగా కూడా ఈ పేరు తెలుసు. ఒడిశా సరిహద్దు పక్కనే ఉండటంతో ఇక్కడి పోలీసులు గంజాయి తరలించే వాహనాలను తరచూ పట్టుకుంటుంటారు. బరువులు మోసే కూలీలు, పోలీసు, సైనిక ఎంపికల కోసం తెల్లవారకముందే పరుగు తీసే కుర్రాళ్ళు ఉండే ఇలాంటి ప్రాంతాల్లో "ఒక్క దమ్ము కొడితే ఒళ్ళు నొప్పులు మాయం" అనే మాట తేలిగ్గా చెల్లిపోతుంది. దాన్ని కొట్టిపారేసే ముందు ఒకసారి పరిశీలించడం న్యాయం.

ఆ మాట కొత్తదేమీ కాదు. 1839లోనే కలకత్తాలో వైద్యుడు ఓషాగ్నెస్సీ గంజాయి సారాన్ని కీళ్ళవాతం, ధనుర్వాతం రోగులకు ఇచ్చి చూశాడు. 1893-94లో పనిచేసిన గంజాయి విచారణ కమిషన్, తీవ్రమైన శ్రమ చేసేటప్పుడు దీన్ని వాడేవారిలో మల్లయోధులను, పల్లకీ బోయీలను, కూలీలను, టపా మోసే రన్నర్లను పేర్కొంది. మల్లయోధుల మాట అటుంచితే, మిగిలినవారంతా విశ్రాంతి తమ చేతిలో లేనివాళ్ళే. వాళ్ళకు గంజాయి కండరాలను బాగుచేసిందా, లేక మర్నాడు మళ్ళీ పల్లకీ ఎత్తేలా చేసిందా? ఈ రెండూ ఒకటి కావు.

అలవాటు లేని కసరత్తు చేసిన రోజున అంతగా నొప్పి ఉండదు. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగాలంటే ప్రాణం పోతుంది. దీనికి లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమే కారణమని జిమ్ముల్లో ఇప్పటికీ చెబుతుంటారు. అది పొరపాటు. వ్యాయామం ఆపిన గంట, రెండు గంటల్లోనే ఆ ఆమ్లం రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అసలు కారణం కండర తంతువుల్లో, వాటి చుట్టూ ఉండే కణజాలంలో జరిగే సూక్ష్మమైన దెబ్బ, దాని వెంట వచ్చే వాపు. వాలు దిగుతూ పరుగెత్తినప్పుడు, బరువును మెల్లగా దించినప్పుడు, అంటే కండరం సాగుతూ బలం పెట్టినప్పుడు ఇది ఎక్కువ. సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య నొప్పి ముదిరి, తర్వాత దానంతటదే తగ్గుతుంది.

గంజాయికి ఇక్కడ పాత్ర ఉండవచ్చని అనుకోవడానికి ఆధారం లేకపోలేదు. మన నాడీవ్యవస్థలో గంజాయిలోని మత్తు పదార్థమైన టీహెచ్‌సీకి స్పందించే గ్రాహకాలున్నాయి. శరీరం స్వయంగా తయారుచేసుకునే అలాంటి పదార్థాన్ని 1992లో గుర్తించి, మన 'ఆనందం' మాట మీదుగానే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. చిక్కంతా తర్వాతి మెట్టు దగ్గరే ఉంది. మత్తు లేని సీబీడీ నూనెను కసరత్తు అలవాటు లేని పురుషులకు ఇచ్చి, 2021లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో నొప్పిలోగానీ, కండరం కోలుకోవడంలోగానీ ప్లాసిబోతో పోలిస్తే తేడా కనిపించలేదు. సర్వేల్లో మాత్రం వాడేవారు చాలామంది మేలు జరిగిందనే చెబుతారు. మూడు రోజుల్లో ఎలాగూ తగ్గే నొప్పికి ఏ మందు వేసుకున్నా ఘనత ఆ మందుకే దక్కుతుంది!

అంతకన్నా ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. నొప్పి ఒక సంకేతం. మండుటెండలో అలవాటుకు మించి శ్రమపడినవారి కండరాలు తీవ్రంగా దెబ్బతిని, వాటిలోని ప్రోటీన్ రక్తంలోకి చేరి మూత్రపిండాలను పాడుచేయవచ్చు. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మత్తులో ఉన్నవాడు ఆ నొప్పిని, ఆ రంగును పట్టించుకుంటాడా? టీహెచ్‌సీ గుండె వేగాన్ని కూడా పెంచుతుంది. పొగ ఊపిరితిత్తులకు చేసే చేటు పరుగు సాధన చేసేవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గంజాయి ఆకు సారాన్ని 'విజయ' అనే ఆయుర్వేద నామంతో నూనెలుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూతను, బంకను నిషేధించి, విడిగా ఉన్న ఆకును నిర్వచనం నుంచి తప్పించింది. ఆ సందులోనే ఈ వ్యాపారం నడుస్తోంది. ప్రాచీనత రుజువుకు ప్రత్యామ్నాయం కాదు. ఆ సీసాలో టీహెచ్‌సీ ఎంతుందో కొనేవాడికి తెలియాలి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2018 నుంచి సీబీడీని నిషేధిత జాబితాలోంచి తీసేసినా, పోటీల సమయంలో టీహెచ్‌సీపై నిషేధం అలాగే ఉంది. నూనె అనుకుని వాడిన క్రీడాకారుడు పరీక్షలో పట్టుబడితే, అమ్మినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు.

చట్టం బరువు కూడా సమానంగా పడదు. సీసా కొనే నగరవాసికి పార్శిల్ ఇంటికి వస్తుంది. నగర్‌నార్‌లో జేబులో చిటికెడు పూత దొరికిన కూలీకి, అది కిలో లోపే అయినా, ఏడాది వరకు కఠిన కారాగారం, 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అతని నొప్పికి తక్కువ ఖర్చులో పనికొచ్చేవి వేరే ఉన్నాయి: బరువును, దూరాన్ని రోజురోజుకూ కొంచెం కొంచెంగా పెంచడం, మర్నాడు తేలికపాటి నడక, మర్దన, కంటినిండా నిద్ర. అదే శ్రమను వారం, పది రోజులకు మళ్ళీ చేస్తే నొప్పి మొదటిసారి కన్నా తక్కువగా ఉంటుందని ప్రయోగాలు పదేపదే చూపాయి. కొత్తగా పనిలో చేరినవారికి మొదటి వారం సగం బరువులే ఇవ్వడం ఏ గుత్తేదారైనా రేపటి నుంచే చేయగల పని.